అంచు దగ్గర ఆగే రంగు

చిట్టి చెక్క పజిల్ ముక్కా, నిన్ను పొగడాలంటే ముందు నీ ఒడ్డూ పొడుగూ చెప్పాలి. అంగుళం పొడవు, ముప్పావు అంగుళం వెడల్పు, పావు అంగుళం మందం. ఒక పక్క బుడిపె, ఒక పక్క నొక్కు, మిగతా రెండు పక్కలా వంపులు. అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూసినా నీ మీద ఉన్నదేమిటో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాస్త నీలం, దాని మీదుగా ఓ తెల్లగీత, మూలన చిటికెడు ఎరుపు. ఆ నీలం చెరువుదో, ఆకాశానిదో, కృష్ణుడి భుజానిదో నీ పక్కన వచ్చి కూర్చునే ముక్కే చెప్పాలి. కొండపల్లి ఏనుగు తన రంగు తానే మోస్తుంది. గోడ తన సున్నం తానే మోస్తుంది. నువ్వు మాత్రం నీ అర్థంలో సగం పొరుగింట ఉంచి పుట్టావు. అందుకే నీకు రంగు వేయడం వేరే విద్య. గోడకు అలవాటుపడ్డ చేయి, గుమ్మానికి అలవాటుపడ్డ చేయి, కాన్వాసు మీద ఆరితేరిన చేయి కూడా నీ దగ్గరికొచ్చి మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి. ఆ ఓనమాలకే ఈ స్తుతి.

రంగు కంటే ముందు చెక్కను తలవాలి. కొండపల్లి వారి తెల్లపొణికి, ఏటికొప్పాక వారి అంకుడు: బొమ్మల కోసమే మొలిచాయా అనిపించే రెండు చెట్లు మన నేలకు దక్కాయి. పొణికి తేలిక, మెత్తన, ఉలి ఎటు తిరిగితే అటు వస్తుంది. అంకుడు పాలతెలుపు, సన్నటి నార, తరిమెన మీద నున్నగా తిరుగుతుంది. ఆ తెలుపే రంగుకు పెట్టుబడి. లేత పసుపు వేస్తే లేత పసుపుగానే నిలుస్తుంది, అడుగున చెక్క తన గోధుమరంగు కలిపి మసకబార్చదు. టేకు దగ్గర ఆ భాగ్యం లేదు. టేకు ఒంట్లోనే నూనె ఉంది. పూతకు పట్టు చిక్కదు, కొన్నాళ్ళకు పెచ్చులు లేస్తుంది. ఇంటి ద్వారబంధానికి రాజైన టేకు నీ సభలో కాస్త పక్కకు జరిగి కూర్చోవాలి.

నిన్ను మరీ సన్నగా కోయదలచినవాళ్ళు ఈ కాలంలో మంచి ప్లైవుడ్‌ని నమ్ముకుంటున్నారు. ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా అంటించిన పలక కాబట్టి నీ బుడిపె ఎటు తిరిగినా మెడ తెగదు. ఒంటి చెక్కలో నారకు అడ్డంగా నిలబడ్డ సన్నటి మెడ మొదటి ఆటలోనే పుటుక్కుమంటుంది. తెలుగు అక్షరాలను చెక్కలో కోసేవాళ్ళను అడిగితే చెబుతారు: కడుపులన్నీ గుండ్రంగా హాయిగా వస్తాయి, తలకట్టు కొస దగ్గరే గుండె ఆగుతుంది. అక్కడ నార ఎటు పోతోందో చూసి అక్షరాన్ని పలక మీద కాస్త వాల్చి గీసుకునేవాడే నిజంగా చెక్కను చదివినవాడు.

కోత అయ్యాక నునుపు. వడ్రంగి చేతిలో ఉప్పు కాగితం నీకు తొలి స్నానం. 120 నంబరుతో మొదలు, 220తో మధ్య, 400తో ముగింపు, ఎప్పుడూ నార వెంటే. అక్కడితో అయిపోయిందనుకుని కుంచె ఎత్తేవాళ్ళు ఎక్కువ. ఒక్క పూట ఓపిక పట్టి తడిబట్టతో నిన్ను తుడిచి ఆరనిచ్చినవాళ్ళకే నీ గుట్టు తెలుస్తుంది. నీళ్ళు తగలగానే అప్పటిదాకా అణిగిమణిగి పడుకున్న నార లేచి నిలబడుతుంది, వేలికి గరగరలాడుతుంది. అప్పుడు 400తో తేలిగ్గా ఒక్క రుద్దు రుద్దితే మళ్ళీ లేవదు. ఈ పని ముందే చేయకపోతే నీటిరంగు మొదటి పూతే ఆ నారను లేపుతుంది, ఆ గరుకంతా రంగు కింద శాశ్వతంగా ఉండిపోతుంది. నీ ముఖానికీ పక్కలకూ మధ్య ఉన్న పదునును కూడా ఈ వేళలోనే ఒక్క రుద్దుతో చంపాలి. కత్తి పదునున్న అంచు మీద పూత పలచబడుతుంది, ఆడిన మొదటి వారంలోనే అక్కడి నుంచే రాలడం మొదలవుతుంది. వెంట్రుకవాసి గుండ్రన చేసిన అంచు మీద అదే పూత ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇప్పుడు నీ అంచు దగ్గరికి వచ్చాను. నిన్ను స్తుతించడానికి కూర్చున్నది అసలు ఇక్కడి కోసమే.

రెండు ముక్కల నడుమ రంపం తిన్న చోటే నీకు కదలిక. సన్నటి బ్లేడు తినే చెక్క అర మిల్లీమీటరుకు లోపు. ఆ ఇరుకులోనే నువ్వు దిగాలి, లేవాలి, పసివాడి వేళ్ళ మధ్య ఒరుసుకోకుండా జారాలి. లెక్క చూద్దాం. నీ పక్కకు ప్రైమర్ ఒక పూత, రంగు రెండు పూతలు, వార్నిష్ ఒకటి: నాలుగు. ఎదుటి ముక్క పక్కకు ఇంకో నాలుగు. ఒక్కో పూత వెంట్రుక మందంలో సగమే అనుకున్నా ఎనిమిదీ కలిసి నాలుగు వెంట్రుకలంత. ఉన్న కాస్త సందులో సగానికి పైగా పోయింది. రంగు వేయకముందు సుతారంగా జారిన ముక్క, ముస్తాబయ్యాక లోపలికి పోనని మొరాయిస్తుంది. బలవంతంగా నొక్కితే పోతుంది, కానీ తీసేటప్పుడు రంగు ఊడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అక్రిలిక్ పూత ఎండినట్టే ఉంటుంది గానీ, రెండు పూతలు ఒకదాన్నొకటి ఒత్తుకుని కొన్నాళ్ళుంటే అతుక్కుంటాయి. మన వేసవిలో మరీనూ. పెట్టెలో పెట్టి అటక మీద దాచిన పజిల్‌ను సెలవుల్లో తీస్తే నాలుగు ముక్కలు కలిసి ఒకే ముద్దగా వస్తాయి.

అందుకని ముఖం రంగుది, పక్క చెక్కది. నీ విద్యలో ఇది మొదటి సూత్రం, నా మట్టుకు చివరి సూత్రం కూడా. పక్కలను చెక్కగానే ఉండనివ్వాలి. చెక్కకు చెక్క తగిలినప్పుడు వచ్చే ఆ పొడి టక్కుమనే చప్పుడు రంగుకు రంగు తగిలితే రాదు. పక్కలు మరీ బోసిగా ఉన్నాయనిపిస్తే, నీళ్ళలా పలుచన చేసిన రంగును గుడ్డతో అద్ది వెంటనే తుడిచేస్తే సరి. అది చెక్కలోకి ఇంకుతుంది, పైన మందం కట్టదు. నార అడ్డంగా తెగిన చోట్ల చెక్క దాహంగా ఎక్కువ తాగి ముదురుగా కనిపిస్తుంది, నార వెంట కోసిన చోట్ల లేతగా. వంపు తిరిగే ఒక్క బుడిపె చుట్టూ ఆ ముదురూ లేతా మారుతూ రావడం నాకు కనులపండుగ. కొందరు దాన్ని లోపమనుకుని ముందే పలుచటి లక్క పాలిష్ పూసి సమం చేస్తారు. చేసుకోనీ. నాకు ఆ వన్నెల వరసే ఇష్టం. ఆ పైన తేనెమైనం కాస్త రుద్దితే చాలు, ఇంకేమీ వద్దు.

ముఖం మీద రంగు వేస్తూ పక్కకు జారనివ్వకుండా ఆపడం చేతిలో ఉన్న పని. చూడండి ఆ చేతిని. ముక్క అడుగున రెండువైపులా అంటుకునే టేపు బిళ్ళ, దాని కింద పొట్టి పెన్సిల్. ఎడమచేతి వేళ్ళు పెన్సిల్‌ను నెమ్మదిగా తిప్పుతుంటాయి, ముక్కను ఎవరూ తాకరు. కుడిచేతి చిటికెనవేలు బల్ల మీద ఆనుకుని ఉంటుంది, చేయంతా దాని మీదే నిలబడింది. కుంచె కొస రంగులో మునిగి, డబ్బా అంచుకు రెండుసార్లు రాసుకుని, కాగితం మీద ఒకసారి తుడుచుకుని వస్తుంది. ముక్క నడిమిన వాలుతుంది. అక్కడి నుంచి బయటికి నడుస్తుంది. అంచు చేరేసరికి ఒత్తిడి తగ్గుతూ తగ్గుతూ గాలిలోకి లేస్తుంది. ఎప్పుడూ లోపలి నుంచి బయటికే. బయటి నుంచి లోపలికి లాగితే అంచు కుంచెను పిండేస్తుంది, పిండిన రంగు బొట్టు కట్టి పక్కగోడ మీదికి జారుతుంది. ఇంత చిన్న సంగతి మీద ఒక పజిల్ మొత్తం బతకడమో చెడడమో ఆధారపడి ఉంది. ముక్క ఒక చుట్టు తిరిగేసరికి కుంచె ఎనిమిది దిక్కులకూ నడిచి వచ్చింది, పక్కలు మాత్రం అంటు తగలకుండా తెల్లగానే ఉన్నాయి. అప్పుడు పెన్సిల్‌ను ఇసుక నింపిన డబ్బాలో గుచ్చి తర్వాతి ముక్క అందుకుంటారు.

నీ వంశచరిత్రలో మొదటి పేజీ లండన్‌లో ఉంది. 1760ల్లో జాన్ స్పిల్స్‌బరీ అనే నగిషీకారుడు దేశపటాలను మహాగని పలకలకు అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పే వస్తువుగా అమ్మాడు. రాగి పలకతో అచ్చువేసిన నల్లగీతల పటం మీద రంగులు చేత్తో వేసేవారు. ఆ రోజుల్లో పటాలకు రంగు చేతిపనే. ఆ పనిలో ఉన్న అందం గమనించండి. రంపం ఏ గీత వెంట నడిచిందో రంగు కూడా ఆ గీత దగ్గరే ఆగింది. రాజ్యం ఎక్కడ ముగిసిందో రంగు అక్కడ ముగిసింది, చెక్క కూడా అక్కడే ముగిసింది. మూడూ ఒకే రేఖ. అంచు దగ్గర ఆగడం నీకు పుట్టుకతో వచ్చిన గుణం.

తర్వాతి తరాలు ఆ గుణాన్ని మహా గడుసుగా వాడుకున్నాయి. 1908 ప్రాంతంలో అమెరికాలో పెద్దవాళ్ళకు చెక్క పజిళ్ళ పిచ్చి పట్టింది. 1909లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మిగతా ఆటల తయారీ ఆపి పజిళ్ళ మీదే కూర్చుంది. రంపాల ముందు ఎక్కువగా ఆడవాళ్ళు. వాళ్ళు రంగు గీత వెంట కోసేవారు. ఎర్ర కోటు ఎక్కడ ఆగి పచ్చగడ్డి మొదలవుతుందో సరిగ్గా అక్కడే కోత. దాంతో ఎర్రముక్క మీద పచ్చ జాడ ఉండదు, పచ్చముక్క మీద ఎరుపు జాడ ఉండదు. ఏది దేని పక్కనో రంగు చెప్పదు. ఆకారమే చెప్పాలి, అదీ చివరిదాకా దాచి దాచి చెబుతుంది. ఆట కష్టమంతా రంపం చేసిందనుకుంటాం, అందులో సగం రంగుది.

ఇక్కడే నీకు రంగు వేసేవాళ్ళ చేతిలో ఉన్న అధికారం బయటపడుతుంది. అదే కోత, అవే ముక్కలు. కుంచె తలచుకుంటే మూడేళ్ళ పాపకు చాలినంత తేలిక చేయగలదు, ముప్పయ్యేళ్ళవాడి ఆదివారమంతా మింగేయగలదు. పాప కోసమైతే గీతలను అంచులు దాటించాలి. పిల్లితోక ఒక ముక్కలో మొదలై పక్కముక్కలో ముగియాలి. తోక సగం చూసిన పాప మిగతా సగం కోసం వెతుక్కుంటూ పోతుంది, దొరికినప్పుడు గీతకు గీత కలిసిన చోట వేలు పెట్టి చూసుకుంటుంది. పెద్దవాళ్ళ కోసమైతే ఆకాశం వేయాలి: పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ పలచబడి పలచబడి దాదాపు తెలుపు. ఏ ముక్కకూ గీత లేదు, గుర్తు లేదు. ఒక ఛాయ ముదురు, ఒక ఛాయ లేత, ఆ తేడానే దారి.

ఈ ఆకాశం వేయడం అంత తేలిక కాదు. ముక్కలు విడివిడిగా పెట్టి వేస్తే ఛాయలు కలవవు. కలిపి పెట్టి వేస్తే పలుచటి రంగు సందుల్లోకి తనంతట తానే పాకిపోతుంది, ఇరుకు దొరికితే నీరు ఆగదు కదా. అందుకని కుంచెను దాదాపు పొడిగా చేసుకుని, రంగును తట్టినట్టుగా వేయాలి. పూత చేతికి అంటని స్థితికి రాగానే, పూర్తిగా గట్టిపడకముందే, ముక్కలను ఒక్కొక్కటిగా విడదీయాలి. ఆలస్యమైతే సందు మీద వంతెనలా కట్టుకున్న పొర విరిగి ముఖం మీది రంగును కూడా పట్టుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఆ స్థితి నిమిషాల్లో వచ్చేస్తుంది, రంగు కుంచెలోనే ఎండిపోతుంది. తెల్లవారుజామునే కూర్చోవాలి. శ్రావణంలో అదే పూత పూటంతా తడిగా కూర్చుంటుంది.

రంగు ముందు వేసి తర్వాత కోసేవాళ్ళూ ఉన్నారు. బొమ్మంతా పలక మీద హాయిగా వేసుకోవచ్చు, ఛాయలు కలుస్తాయి, పక్కలకు రంగు అంటుకునే ప్రసక్తే లేదు. ప్రమాదం రంపం దగ్గర. బ్లేడు పళ్ళు కిందికి చూస్తాయి కాబట్టి పైముఖం శుభ్రంగా తెగుతుంది, అడుగున మాత్రం నార చీరుకుంటుంది. అందుకే బొమ్మ ఎప్పుడూ పైకి, అడుగున మాస్కింగ్ టేప్. పూత బాగా గట్టిపడి ఉండాలి, పచ్చిగా ఉంటే బ్లేడు వేడికి మెత్తబడి పంటికి చుట్టుకుంటుంది. ఒకే బొమ్మ, పెద్దది, చిత్రకారుడి చేతి నుంచి వచ్చింది అయితే ఈ దారే మంచిది. ఒక్కో ముక్క ఒక్కో పండో, పక్షో, అక్షరమో అయితే కోశాకే రంగు. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదానికి సిద్ధం.

మన ఊళ్ళు నీకు ఏమిచ్చాయో చెప్పకుండా స్తుతి పూర్తి కాదు. కొండపల్లిలో ఎడ్లు వేరు, చక్రాలు వేరు, తోలేవాడు వేరు. అన్నీ విడి ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సందులు కప్పి, పైన తెల్లటి సున్నపు పూత వేసి, ఆ తెలుపు మీద రంగులు నిలబెడతారు. ఆ బొమ్మ కూడా ముక్కల కూడికే. కాకపోతే దాన్ని శాశ్వతంగా కూర్చేశారు, సందు కనబడకపోవడమే అక్కడ పనితనం. నీ దగ్గర సందు కనబడటమే పనితనం. అయినా ఆ తెల్లపూత పాఠం నీకూ పనికొస్తుంది. ముఖానికి మాత్రమే పలుచగా ఒక తెల్లపూత వేసి 400తో నునుపు చేస్తే, పైన వేసిన ప్రతి రంగూ రెట్టింపు వెలుగుతుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు కూడా ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక పూసి నేల సిద్ధం చేశాకే కుంచె పడతారు. రంగు కింద తెలుపు, తెలుపు కింద నునుపు, నునుపు కింద ఓపిక. గుడ్డయినా చెక్కయినా మన వాళ్ళ వరస ఇదే.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో కుంచె అసలు కనిపించదు. తరిమెన మీద అంకుడు ముక్క గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి పడతారు. ఒరిపిడికి పుట్టిన వేడే లక్కను కరిగించి చెక్క చుట్టూ పరుస్తుంది. ఆ మీద మొగలి ఆకుతో ఒత్తి పట్టగానే అద్దం తేరుతుంది. పసుపు నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలిమందు నుంచి నీలం, ఆ నీలమూ పసుపూ కలిస్తే ఆకుపచ్చ. చెట్ల రంగులను మళ్ళీ ఆ ఊరి లక్కలోకి తెచ్చిన కృషికి చింతలపాటి వెంకటపతిరాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఊరి బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. నువ్వు బల్లపరుపు ముక్కవు, తిరగలేవు, కాబట్టి ఆ లక్క నీ ముఖానికి రాదు. నీ నడిమిన పసివాళ్ళు పట్టుకోవడానికి పెట్టే గుండ్రటి పిడి మాత్రం తిరుగుతుంది. ముఖాన కుంచె రంగు, పిడికి ఏటికొప్పాక లక్క: ఆ రెండూ కలిసిన పజిల్ నా కంటికి రాజవైభవం.

పిడి అనగానే మరియా మాంటిస్సోరి గుర్తుకొస్తారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టారు, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉన్నారు. మాంటిస్సోరి బడుల్లోని చెక్క ప్రపంచపటంలో ఒక్కో ఖండం ఒక్కో ముక్క, ఒక్కో రంగు. ఆసియా పసుపు, ఆఫ్రికా ఆకుపచ్చ, ఐరోపా ఎరుపు. ముక్క మీద ఊరు లేదు, నది లేదు, పేరు లేదు. ఒకే రంగు, సమంగా, మచ్చ లేకుండా. ఇలా ఒక్క రంగు వేయడం తేలికనుకునేవాళ్ళు వేసి చూడాలి. బొమ్మ ఉన్న ముక్కలో తప్పు దాక్కుంటుంది, ఒంటిరంగు ముక్కలో దాక్కోవడానికి చోటుండదు. ఒక చిక్కటి పూత బదులు మూడు పలుచటి పూతలు, నడుమ ఉప్పు కాగితం తేలిక రుద్దు, ఒక పూత నిలువుగా వేస్తే తర్వాతిది అడ్డంగా. అప్పుడే కుంచె జాడ పోతుంది.

చిట్టి చెక్కముక్కా, నువ్వు చివరికి చేరేది చేతికి కాదు, నోటికి. పళ్ళు వస్తున్న పాప నిన్ను కొరికి చూస్తుంది, చీకుతుంది. ఈ సంగతి తలచుకోకుండా రంగు ఎంచుకునేవాళ్ళ మీద నాకు కోపం. ఎరుపుకూ నారింజకూ పసుపుకూ ఒకప్పుడు సీసం వాడేవారు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90కి మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలవుతోంది. పిల్లల బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరి అయ్యింది 2021 జనవరి 1 నుంచి. నమోదైన చేతివృత్తులవారికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఆ ముద్ర నుంచి మినహాయింపు ఇచ్చారు. న్యాయమే, ఒక చిన్న కుటుంబం ప్రయోగశాల ఖర్చులు ఎక్కడ భరిస్తుంది? కానీ చట్టం వదిలిపెట్టిన చోట బాధ్యతంతా రంగు కలిపే చేతిమీదే పడింది. పాత ఎనామిల్ డబ్బాలో అడుగున మిగిలింది కదా అని నీకు పూయకూడదు. బొమ్మలకు పనికొస్తుందని రాసి ఉన్న నీటిరంగే కొనాలి. పైపూతకు లక్కను స్పిరిట్‌లో కరిగించి వాడితే స్పిరిట్ ఆవిరైపోతుంది, లక్క మిగులుతుంది. రేగుచెట్టు మీదో మోదుగచెట్టు మీదో పురుగు కట్టుకున్న లక్క. దాన్ని మందుమాత్రల పైపూతకు కూడా వాడతారు.

చెట్ల రంగులతో మాత్రం మురిపెం ఒక్కటే చాలదు, వాటి గుణం తెలియాలి. పసుపు కొమ్ము నీళ్ళు నీ ముఖాన బంగారంలా మెరుస్తాయి, కిటికీ పక్కన ఎండలో పెడితే కొన్ని వారాల్లో వెలవెలబోతాయి. అడుగున పచ్చి సున్నపు పూత ఉంటే ఇంకో తమాషా: పసుపు సున్నం కలిస్తే పారాణి. వేసింది పొద్దుతిరుగుడు, మర్నాటికి అది మందారం. కావాలని చేస్తే గొప్ప కిటుకు. ఒకే కుంచె, ఒకే పసుపునీళ్ళు, సున్నం రాసిన చోట ఎరుపు, రాయని చోట పసుపు.

రంగులన్నీ అయ్యాక నల్లగీత చివర. కళ్ళు అన్నింటికంటే చివర. బొమ్మలో మనిషి ముఖం ఉన్న ముక్క ఉంటే, అందరూ మొదట వెతికేది దాన్నే. దానికి కుంచె చాలా సన్నది కావాలి, రంగు సిరా అంత పలుచన కావాలి, ఆ రెండింటికంటే గీసే ముందు ఊపిరి సగం వదిలి ఆపడం తెలియాలి. గుండెచప్పుడు కూడా కుంచె కొసకు చేరుతుంది. రెండు చప్పుళ్ళ మధ్య గీత పడాలి.

ఒంటి చెక్క ముక్కవైతే వానాకాలం వస్తే నువ్వు ఉబ్బుతావు. నార పొడవునా కాదు, నారకు అడ్డంగా. అందుకే ఆషాఢంలో ఒకవైపు నుంచి మాత్రమే బిగుసుకుంటావు, ఇంకోవైపు వదులుగానే ఉంటావు. ముఖానికి నాలుగు పూతలు వేసి వీపును వట్టిగా వదిలేస్తే వీపు వైపు నుంచే తేమ తాగి దోసెలా వంగుతావు. వీపుకు కూడా కనీసం ఒక పలుచటి లక్కపూత ఇచ్చి రెండువైపులా సమం చేయాలి. ఆ పూత వేసే ముందే వీపున పెన్సిల్‌తో ఏ పజిల్ ముక్కవో ఒక గుర్తు రాసి పెడితే, ఇంట్లో నాలుగు పజిళ్ళు కలిసిపోయిన రోజున పిల్లలు నిన్ను దీవిస్తారు.

ఎప్పుడో ఒక ముక్క పోతుంది. సోఫా కిందికో, కాలవలోకో, మారిన అద్దె ఇంట్లోకో. అప్పుడు జరిగే పనిలోనే నీ విద్య మొత్తం పరీక్షకు నిలబడుతుంది. మిగిలిన ముక్కలన్నీ కూర్చి, నడుమ మిగిలిన ఖాళీ మీద పలుచటి కాగితం పరిచి, పెన్సిల్ మొద్దు కొసతో రుద్ది ఆకారం తీసుకోవాలి. గీతకు కాస్త బయటే కోసి, ఉప్పు కాగితంతో కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతి రెండు రుద్దులకూ పెట్టి చూస్తూ పోవాలి. కూర్చోగానే ఆపాలి, ఇంకొక్క రుద్దు ఎక్కువైతే మళ్ళీ మొదటికి. ఆ తర్వాత రంగు. డబ్బాలోని అసలు రంగు ఇక్కడ పనికిరాదు. పక్కవాళ్ళు పదేళ్ళ ఎండ చూశారు, వేలి జిడ్డు చూశారు. వాళ్ళ నీలం ఇప్పుడు ఆ నీలం కాదు. నీలంలో చిటికెడు గోధుమరంగు కలిపి, ఒక కాగితం ముక్క మీద పూసి, ఆరాక పక్కముక్కల నడుమ పెట్టి, పగటి వెలుతురులోనే చూడాలి. తడిగా ఉన్నప్పుడు కలిసిందనిపించిన ఛాయ ఆరాక ముదురుతుంది. మళ్ళీ కలపాలి. చుట్టూ ఉన్న నాలుగు ముక్కలు నాలుగు రకాలుగా వెలిసి ఉంటాయి, ఏ అంచు దగ్గర ఏ ముక్క ఉందో చూసి ఆ అంచుకు ఆ ఛాయ ఇవ్వాలి. తెగిపోయిన తెల్లగీతను ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటించి కలపాలి. పైన తేనెమైనంలో కాస్త గోధుమరంగు కలిపి రుద్దాలి. ఆఖరున వీపు తిప్పి, కొత్తగా చేసిన ముక్క అని ఏడాది వేసి పెట్టాలి. రేపు ఇంకో ముక్క పోయి ఇంకెవరో ఈ పనికి కూర్చుంటే, ఏ నీలాన్ని చూసి రంగు కలపాలో ఏ నీలాన్ని నమ్మకూడదో వాళ్ళకు తెలియాలి.